పెట్టె లేని తాళం

మూసాపేట మెట్రో స్టేషన్ కింద టీ బండి దగ్గర నేను ఇద్దరు దొంగల్ని చంపాను. ఇప్పటికి నాలుగైదు సార్లు చంపాను. మొదటిసారి చెప్పినప్పుడు ఫోన్లోనే బెదిరించి పారిపోయేలా చేశాను. రెండోసారికి తెల్లాపూర్ దాకా ఆటోలో వెళ్ళి ఒకడి మోకాలు సమ్మెటతో పగలగొట్టాను. వినేవాళ్ళు చాయ్ చల్లారిపోతున్నా కదలకపోవడం చూసి, మూడోసారికి రెండోవాడి పుర్రె కూడా చితక్కొట్టాను. పోయిన వారం చెప్పినదాంట్లో రక్తం లిఫ్టు దాకా పారింది.

నేనెవర్నీ చంపలేదు. ఆ రోజు తెల్లాపూర్ వైపు కూడా పోలేదు. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో, ఏసీ కింద, చెవి దగ్గర ఫోన్ పెట్టుకొని కూర్చున్నాను. విరిగినవి ఒక పళ్ళ డాక్టరు కుడిచేతి వేళ్ళు. అవి విరగడంలో నా వంతు ఎంతో రాయాలని ఇప్పుడు కూర్చున్నాను. అలవాటుకొద్దీ ఎక్కడైనా పెంచి రాస్తే అక్కడే ఒప్పుకుంటాను.

నలభై ఏళ్ళు బాలానగర్‌లో ఇనప్పెట్టెలు చేశాను. ముప్ఫై ఆరేళ్ళు. నగల దుకాణాలకి, చిట్టీల కంపెనీలకి, మిల్లు యజమానులకి. మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. పెట్టె అప్పగించే రోజు, కొన్నవాడి చేతికే సమ్మెట ఇచ్చేవాళ్ళం. మూడు దెబ్బలు. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత కసి ఉంటే అంత. పిడి ఊడినా, తలుపు సొట్టపోయి ఇరుక్కున్నా పెట్టె మేమే ఉంచుకుని డబ్బు తిరిగి ఇచ్చేవాళ్ళం. మొదటి దెబ్బ అందరూ మొహమాటంగానే వేసేవాళ్ళు. రెండోది కొంచెం గట్టిగా. మూడోదానికి మనుషులు మారిపోయేవారు. నగల షావుకారు ఒకాయన ఉండేవాడు, చీమకి కూడా దారి ఇచ్చే మనిషి. మూడో దెబ్బకి సమ్మెట తల వెనక దాకా ఎత్తి, ఎవర్నో బండబూతులు తిడుతూ వేశాడు. సొంత తమ్ముణ్ణని తర్వాత తెలిసింది. పెట్టె మీద రంగు లేచింది, అంతే. ఆయన అక్కడే నేల మీద కూర్చుని రొప్పుతూ, "మంచిగుంది, మంచిగుంది" అన్నాడు.

నా చేతి పెట్టె ఒక్కటి కూడా వాపసు రాలేదు. రెండు వచ్చాయి.

షెడ్డు మానేసి ఇంట్లో కూర్చున్నాక ఒకరోజు, మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పాత పెట్టె తలుపు బిగుసుకుపోయింది, తీయాలి రమ్మని కబురొచ్చింది. వెళ్ళాను. ఆ కంపెనీ పెట్టినావిడకి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, కాకినాడ వైపు మనిషి. నేను తలుపు తీస్తున్నంతసేపూ పక్కనే కుర్చీ వేసుకుని చూసింది.

"బాబాయ్ గారూ, దొంగలు ఎలా ఆలోచిస్తారో మీకు తెలుస్తుందాండీ?" అని అడిగింది.

"దొంగల కంటె ముందుగాల నేనే ఆలోచిస్తనమ్మా. లేకుంటె పెట్టె ఎట్ల చేస్త?"

మరుసటి వారానికి నా మెడలో కూడా ఆఫీసు కార్డు వేలాడింది.

ఆ కంపెనీ చేసేది క్రిప్టో కాయిన్లు దాచుకునే వాలెట్. నాకు అర్థం కావడానికి నెల పట్టింది, అర్థమైనంత చెబుతాను. కాయిన్లు ఎక్కడా ఉండవు. ఉండేది ఒక తాళంచెవి మాత్రమే, అది కూడా ఒక పొడవాటి అంకె. ఆ అంకె ఎవరి దగ్గరుంటే కాయిన్లు వాళ్ళవి. మొత్తం అంకె మనిషి ఫోన్లోనే ఉంచితే, ఆ ఫోన్ దుర్గం చెరువులో పడ్డరోజు ఆస్తి కూడా చెరువులోనే. మొత్తం కంపెనీ సర్వర్లో ఉంచితే, ఒక్క దొంగ సర్వర్లో దూరితే చాలు, అందరి సొమ్మూ ఒకే పూటలో ఊడ్చుకుపోతాడు. అందుకని వీళ్ళు తాళంచెవిని ముక్కలు చేశారు. ఒక ముక్క కస్టమర్ ఫోన్లో, ఒక ముక్క మా సర్వర్లో. కాయిన్ కదలాలంటే రెండూ సంతకం పెట్టాలి. రేపు మా కంపెనీయే మూతపడితే ఎలా అని ఫోన్లోదానితో కలిపితే సరిపోయే మూడో ముక్కని కాగితం మీద అచ్చువేసి, వేరే ఊళ్ళో నమ్మకస్తుల దగ్గర పెట్టుకోమని చెప్పేవాళ్ళు.

ఇంతవరకు వాళ్ళ తెలివి. అసలు గొడవ దీని తర్వాత వచ్చింది, అందులో నేనున్నాను. కస్టమర్ అడిగితే సర్వర్ ఎప్పుడూ సంతకం పెట్టాల్సిందేనా? కాదని చెప్పొచ్చా?

చెప్పాలి అన్నాను. చిన్న మొత్తమైతే అడగ్గానే పెట్టాలి. పెద్దదైతే ఇరవై నాలుగు గంటలు ఆగాలి, ఈలోగా నేను కస్టమర్‌కి ఫోన్ చేసి గొంతు విని, అడిగింది తనేనా అని తెలుసుకోవాలి. ఆ ఇరవై నాలుగు గంటలు తగ్గించే అధికారం ఎవరికీ ఉండకూడదు.

సర్వర్ పని చూసే ఇంజినీరు సిద్దిపేట వైపు వాడు. నామీద ఎగిరి పడ్డాడు. "ఎవ్వలికీ అంటె ఎట్ల తాతా? కస్టమర్ దవాఖానల పడ్డడనుకో. ఆపరేషన్‌కు పైసలు కట్టాలె. రేపు రాపో అంటమా?"

"అంటం."

"సచ్చిపోతడు!"

"గన్ని పైసలున్నోనికి ఒక్క దినం కోసం బదులిచ్చేటోడు దొరకడా బిడ్డా?"

ఆవిడ మెల్లగా అంది: "ఎవరో ఒకరం తెరవగలగాలి కదండీ. నేనూ మీరూ కలిసి నొక్కితే తెరుచుకునేలా పెడదాం."

"గప్పుడు కస్టమర్ని ఇడిసిపెట్టి నీ మెడ మీద కత్తి పెడ్తరమ్మా. నువ్వు తెరవగల్గితె నువ్వే తాళంచెవి."

ఆవిడ చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు వాదన ముగించడానికి నా పాత సమ్మెట సంచిలో వేసుకుని ఆఫీసుకి బయల్దేరాను. బల్ల మీద సర్వర్ పెట్టి ఒక్క దెబ్బకి తునకలు చేసి చూపించాను అని టీ బండి దగ్గర చెబుతుంటాను. నిజానికి సమ్మెట పైకి రానేలేదు. కింద లాబీలోనే సెక్యూరిటీ అతను సంచి తెరిపించాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"ఆఫీసు పని."

"ల్యాప్‌టాప్ యాడుంది మరి?"

"ఇదే."

అతను నవ్వలేదు. సమ్మెట ఉంచుకుని ఒక ప్లాస్టిక్ టోకెన్ ఇచ్చాడు. తిట్టాను, బతిమాలాను, కార్డు చూపించాను. సాయంత్రం ఆరు దాకా ఇచ్చేది లేదన్నాడు, అది రూలు. సరే అని టోకెన్ పట్టుకుని పైకి వెళ్ళి దాన్నే వాళ్ళ ముందు బల్ల మీద కొట్టాను. "నా సమ్మెట కింద ఉన్నది. నాదే. అడిగితె కూడ ఇయ్యలే. గట్లుండాలె సర్వరు!"

ఇంజినీరు కూడా నవ్వేశాడు. అలా నా మాట నెగ్గింది. ఎవరూ తెరవలేని ఇరవై నాలుగు గంటలు సర్వర్లోకి ఎక్కాయి. నేను బాలానగర్‌లో చేసిన ఏ పెట్టె కంటే గట్టిది అనుకుని వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆ పళ్ళ డాక్టరు మా కస్టమరే. కొండాపూర్‌లో క్లినిక్, తెల్లాపూర్‌లో పెద్ద గేటున్న కాలనీలో ఇల్లు. అంతకు ముందు మూడు సార్లు ఆయనకి ఫోన్ చేశాను. చేసినప్పుడల్లా ముందు, "పెద్దమనిషీ, తిన్నవా?" అనేవాడు. నాకున్న రోగమే ఆయనకీ ఉంది, గొప్పలు చెప్పుకోవడం. రోగి నోరు తెరిచి పడుకున్నప్పుడు తన కాయిన్లు ఎంత పెరిగాయో చెప్పేవాడట. నోరు తెరిచి ఉన్నవాడు ఆపమనలేడు. చెవులు మాత్రం పనిచేస్తాయి. మాట అలా బయటికి పాకిందని తర్వాత పోలీసులు అన్నారు.

మంగళవారం, పగలు పదకొండున్నర. ఆయన ఖాతాలో ఉన్నదంతా ఎవరికో పంపమని నా స్క్రీన్ మీదికి వచ్చింది. ఫోన్ చేశాను.

"డాక్టర్ సాబ్, వాలెట్ ఆఫీసు నుంచి. పంపుమన్నది మీరేనా?"

"ఆఁ. నేనే. పంపుండ్రి."

తిన్నావా అని అడగలేదు. ఆయన ఊపిరి పక్కన ఇంకో ఊపిరి వినబడుతోంది. నేను చెయ్యి ఎత్తి ఊపాను. ఇంజినీరు చూశాడు, అర్థం చేసుకున్నాడు, వెంటనే ఇంకో ఫోన్లో పోలీసులకి కలిపాడు.

"ఎవరికి పంపుతున్నరు సార్?" అన్నాను, కాలం గడపడానికి.

ఈసారి వేరే గొంతు వచ్చింది. "ఏయ్ ముసలోడా. సవాల్ జవాబ్ బంద్ చెయ్. బటన్ దబాయించు."

"బటన్ లేదు తమ్మీ. రేపు గిదే టైముకు సర్వరే పంపుతది. నా చేతుల లేదు."

"నీ చేతుల లేదా? ఇగో, ఈని చేతుల ఉన్నదేమో చూద్దాం. ఇను."

తలుపు వేసిన చప్పుడు. గట్టిగా, గాలికి కొట్టుకున్నట్టు. దాని వెనకే ఒక కేక. జీవితమంతా ఇనుము మీద ఇనుము పడే చప్పుడు విన్నవాణ్ణి నేను. దెబ్బ ఎక్కడ తగిలిందో, రేకు ఎంత మందమో చప్పుడుని బట్టే చెప్పేవాణ్ణి. ఈ చప్పుడులో మధ్యన మెత్తగా ఏదో ఉంది.

అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. నేను చేసిన పెట్టెలన్నీ తమ మీద పడ్డ దెబ్బలు తామే తిన్నాయి. దొంగ రాత్రంతా కొట్టినా కొట్టేది పెట్టెనే. ఈ తాళానికి పెట్టె లేదు. తలుపు లేదు, రేకు లేదు, సొట్టపోవడానికి ఒళ్ళు లేదు. నేను దాన్ని ఎంత గట్టిగా చేస్తే, కొట్టాల్సినవాడు అంతసేపు మనిషినే కొడతాడు. ఇరవై నాలుగు గంటల మందం గల ఇనుము అనుకుని నేను పెట్టింది ఆ డాక్టరు చేతి మీద పెట్టాను.

"అరే, గిటు దిక్కు కాదు బే," అన్నాడు రెండోవాడు ఫోన్ అవతల. "బిజాగరీల దిక్కు పెట్టు."

బిజాగరీ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు తెరుచుకునే అంచున వేలు పెడితే నలుగుతుంది. బిజాగరీల వైపు, తలుపు గుమ్మానికి మడతపడే సందులో పెట్టి లాగితే పటకారులో పెట్టి నొక్కినట్టే, చిన్నపిల్లవాడు లాగినా చాలు. డాక్టరు, "వద్దన్నా, వద్దు, నా చెయ్యి, నేను డాక్టర్ని, నా చెయ్యి" అంటున్నాడు. తలుపు పడింది. కేక కాదు అప్పుడు వచ్చింది; వాంతి చేసుకునేటప్పుడు వచ్చే చప్పుడు.

"ఇన్నవా ముసలోడా? ఇంకోటి ఇంటవా?"

ఇక్కడ టీ బండి దగ్గర నా కథ చాలా బాగుంటుంది. ఒక్కోరోజు వాళ్ళకి దడ పుట్టేలా గర్జిస్తాను. ఒక్కోరోజు, డాక్టరు నాడి వేగంగా కొట్టుకుంటే సర్వర్ నెలరోజులు మూసుకుపోతుందని అబద్ధం అల్లి దెబ్బలు ఆపిస్తాను. అది నిజంగా మంచి అబద్ధం. నాలుగు రోజుల తర్వాత, స్నానం చేస్తుంటే తట్టింది.

ఆ క్షణంలో నేను చేసింది, ఫోన్ పెట్టేశాను. నా బొటనవేలితో, ఎర్ర గుర్తు మీద నొక్కి.

ఆవిడ తన గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ?"

"లైన్ కట్టయింది," అన్నాను.

నా చేతిలోంచి ఫోన్ లాక్కుని మళ్ళీ కలిపింది. మూడుసార్లు మోగాక ఎత్తారు. ఆ మూడు మోతల మధ్య అక్కడ తలుపు ఇంకోసారి పడింది.

ఆవిడ మాట్లాడింది. దొంగలకి కూడా అండీ అంటూనే ఉంది. "చూడండీ, ఆయన్ని చంపినా రేపటిదాకా అది కదలదండీ. నన్ను చంపినా కదలదు. మేమే అలా చేశాం, తప్పు చేశాం. కానీ చిన్న మొత్తం ఇప్పుడే వెళ్తుంది, మమ్మల్ని అడగక్కర్లేదు. ఎంత దాకా వెళ్తుందో చెప్తాను, అది పంపించుకుని వెళ్ళిపోండి. పోలీసులు బయల్దేరారండీ. అదీ నిజమే."

అవతల వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. తర్వాత స్క్రీన్ మీద చిన్న మొత్తం ఒకటి కదిలింది, సర్వర్ ఎవర్నీ అడగకుండా సంతకం పెట్టింది. కాసేపటికి ఫోన్లో డాక్టరు ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. ఇదంతా ఇంజినీరు చెప్పగా తెలిసింది. నేను అప్పటికి మెట్ల దగ్గర గోడ పట్టుకుని కక్కుకుంటున్నాను.

దొంగలు నాలుగు రోజుల్లో దొరికారు. పెద్ద మొత్తం పంపమన్న కోరికని డాక్టరు ఆ సాయంత్రమే దవాఖానలోంచి, ఎడమచేతి బొటనవేలితో రద్దు చేశాడు. ఆ చిన్న మొత్తం తప్ప ఒక్క కాయిన్ అటూ ఇటూ పోలేదు. సర్వర్ నేను చెప్పినట్టే నడుచుకుంది.

డాక్టర్ని చూడ్డానికి ఆవిడతో పాటు నేనూ వెళ్ళాను. చెయ్యి మంచానికి పైన కట్టి వేలాడదీశారు, వేళ్ళలోంచి సన్నటి ఉక్కు కడ్డీలు బయటికి పొడుచుకు వచ్చాయి.

"ముందు రెండుసార్లు సూపుడు వేలే పోయింది," అన్నాడాయన, వేరే ఎవరి చెయ్యి గురించో చెబుతున్నట్టు. "గది అతుక్కుంటదట. లైన్ కట్టయింది సూడు, మస్కిరీ చేస్తున్రా బే అని, గప్పుడు నడిమి వేలు పెట్టిండ్రు. ఇది ఒంగదంట ఇగ. పటకారు పట్టాల్నంటె ఇదే గావాలె నాకు. గా నెట్‌వర్క్ పాడుగాను."

"అవ్ సార్," అన్నాను నేను. "గా ఏరియాల నెట్‌వర్క్ మంచిగుండది."

అన్నాను. పెంచలేదు, తగ్గించలేదు, అక్షరాలా అదే అన్నాను.

తర్వాత ఆఫీసులో చాలా మార్చారు. ఆగే గంటలు ఎన్నో, అసలు ఆగాలో వద్దో ఇప్పుడు కస్టమరే మొదటిరోజు ఎంచుకుంటాడు. ప్రాణం మీదికొస్తే నొక్కడానికి వేరే రహస్య అంకె ఇచ్చారు. అది నొక్కితే లోపల కొంచెమే ఉన్నట్టు కనబడుతుంది, ఆ కొంచెం వెంటనే వెళ్తుంది, మాకు గంట మోగుతుంది. మంచిదే. కానీ అలాంటి దొంగ అర ఉందని ఊరంతా తెలిసినరోజు, దొంగ అసలు అంకె కోసం కూడా కొడతాడు. ఆ మాట నేనంటే ఇంజినీరు, "మరేం చెయ్యాలె తాతా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఆ ఆఫీసులో నేనామాట అనడం అదే మొదలు.

ఆరు నెలలకి నా కింది దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. మూసాపేటలో పళ్ళ డాక్టర్లకి కరువు లేదు. నేను కొండాపూర్ వెళ్ళాను.

క్లినిక్ తెరిచే ఉంది కానీ పళ్ళు పీకేది ఇప్పుడు ఆయన కింద పనిచేసే చిన్న డాక్టరమ్మ. ఆయన చూసి చెబుతాడు, ఆమె చేస్తుంది. కడ్డీలు తీశాక ఆయన ఒక్క పన్ను కూడా ముట్టుకోలేదని ఆమే చెప్పింది.

"మీరే పీకుండ్రి సార్," అన్నాను.

"ఒద్దు పెద్దమనిషీ. చెయ్యి ఒణుకుతున్నది."

"నా పన్ను సుత ఒణుకుతున్నది. జోడీ మంచిగ కుదుర్తది."

నవ్వాడు, ఆ చేత్తోనే మత్తు సూది అందుకున్నాడు. నడిమి వేలు కర్రలా ముందుకు చాచుకునే ఉంది. నోరు తెరిస్తే ఇక మాట్లాడలేనని నాకు తెలుసు.

"సార్, ఆ దినం నెట్‌వర్క్ పోలేదు. ఫోన్ నేనే పెట్టేసిన."

సూది పళ్ళెంలో పెట్టాడు.

"ఎందుకు పెట్టేసినవ్?"

"ఇనలేకపోయిన సార్."

"నేను సుత ఇనలేకనే ఉంటి," అన్నాడు. "నేనెక్కడ పెట్టెయ్యాలె?"

డాక్టరమ్మని బయటికి పొమ్మన్నాడు. ఆమె తలుపు వేసింది. ఆ చప్పుడుకి ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం.

మత్తు ఇవ్వకుండా పీకాడని రాయాలనుంది. ఇచ్చాడు. రెండు సూదులు ఇచ్చాడు, రెండోది కొంచెం లోతుగా. కానీ మత్తు నొప్పికే, బలానికి కాదు. పటకారు మొదటిసారి జారి పై పళ్ళకి ఠంగుమని తగిలింది. రెండోసారి జారి చిగురు కోసుకుపోయింది. రక్తం గడ్డం మీదుగా చొక్కాలోకి దిగింది. ఆయన చెమటలో తడిసిపోయాడు, పళ్ళ మధ్య నుంచి తిడుతున్నాడు, నన్నో దొంగల్నో తన వేలినో తెలియలేదు. నా నుదుటి మీద మోచెయ్యి పెట్టి తల కుర్చీకి అదిమాడు. నేను పిడులు పట్టుకున్నాను, కదలలేదు. మూడోసారి నడిమి వేలు వదిలేసి, ఉంగరపు వేలితో పటకారు బిగించి, అటు ఒకసారి ఇటు ఒకసారి మెలిపెట్టాడు. దవడలో ఎముక విరిగినట్టు ఫెళ్ళుమంది.

పన్ను లైటు కిందికి ఎత్తి చూశాడు. "రెండు వేర్లు నిండుగ వచ్చినయ్," అన్నాడు. నాకు కాదు, చేతికి.

నా నోట్లో దూది కుక్కి అన్నాడు: "మీ మేడంకు చెప్పినవా, ఫోన్ సంగతి?"

లేదని తల ఊపాను.

"చెప్పు. నాకు మాత్రం ఇగ నువ్వు ఫోన్ చెయ్యకు. వేరేటోన్ని పెట్టమను."

సరేనని ఊపాను. ఆయన అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు. తలుపు తెరిచి డాక్టరమ్మని పిలిచాడు. "బయట పీకే కేసు ఇంకెవరన్న ఉన్నరా? లోపటికి పంపు. నేనే చేస్త."